తిరువాన్మియూరు ఇల్లు, ఇంజనీరు ఫీజు

చిరంజీవి కార్తీక్‌కు,

అమ్మ ఆశీస్సులు. చెన్నై తిరువాన్మియూరులో నువ్వు కొనాలనుకుంటున్న పాత ఇల్లు గట్టిగా ఉందో లేదో చూడ్డానికి ఒక ఇంజనీరు 8,000, ఇంకొకాయన 35,000 అడిగారనీ, ఏది న్యాయమైన రేటనీ రాశావు. రెండూ ఒకే పనికి చెప్పిన ధరలు కావు నాన్నా. మొదటాయన వచ్చి చూసి, నోటిమాట చెప్పి వెళ్తాడు. రేపు అమ్మేవాళ్లతో బేరమాడేటప్పుడు నీ చేతిలో కాగితం ఉండదు. రెండో ఆయనేమో ఇంట్లో అడుగు పెట్టకముందే హ్యామర్ టెస్టు (స్ప్రింగు సుత్తితో కొట్టి కాంక్రీటు గట్టితనం చూసేది) 20 చోట్ల, అల్ట్రాసోనిక్ (కాంక్రీటులోకి ధ్వని తరంగాలు పంపి చూసేది) 10 చోట్ల, కోర్లు (ల్యాబులో పరీక్షించడానికి గుండ్రంగా కోసి తీసే కాంక్రీటు ముక్కలు) 3 అని రాసేశాడు. నాడి పట్టకుండానే రక్తపరీక్షల చీటీ చేతిలో పెట్టినట్టుంది. దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 41,300. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటేనే ఆ 6,300 కట్టు. నమోదు లేనివాళ్లు ఆ పన్ను వసూలు చెయ్యకూడదు.

ఎవరిని పెట్టుకున్నా పనిని రెండు భాగాలు చెయ్యమను. మొదటిది కంటితో చూసి, సుత్తితో తట్టి, పగుళ్లు కొలిచి, సంతకంతో నివేదిక ఇవ్వడం. 2,000 చదరపుటడుగుల రెండంతస్తుల ఇంటికి దీనికి 12,000 నుంచి 20,000 దాకా అనుకో. ఇంట్లో ఒక పూట పనే, కానీ రాతకోతలకు ఇంకో రెండు రోజులు పడుతుంది. ఫీజులో ఎక్కువ భాగం ఆ రాతకే. రెండోది పరీక్షలు, అవి మొదటి నివేదికలో అనుమానం తేలిన చోట మాత్రమే, పాయింటు లెక్కన. అన్నిటికన్నా ఖరీదు కోర్. డ్రిల్లింగు యంత్రం, మనుషులు, ల్యాబు, తర్వాత ఆ రంధ్రం సిమెంటు గ్రౌటుతో పూడ్చడం, అన్నీ అందులో కలుస్తాయి. పరికరాలు తెచ్చినందుకు కనీస చార్జీ కూడా ఉంటుంది. 5 చోట్లకీ 15 చోట్లకీ తేడా ఎంతో ముందే అడుగు, ఒక్కోసారి పెద్దగా ఉండదు.

ఇక అసలు సంగతి. సముద్రం దగ్గర 1994 నాటి ఇంట్లో ముందు చెడేది కాంక్రీటు కాదు, లోపలి ఇనుము. ఉప్పుగాలి, ఆ రోజుల్లో కలిపిన ఉప్పు బోరునీళ్లు, ఇనుము మీద పలచటి కవరు (కమ్మీని కప్పి ఉంచే కాంక్రీటు పొర), ఈ మూడూ కలిసి కమ్మీలను తుప్పు పట్టిస్తాయి. తుప్పు అసలు ఇనుముకన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమించి కాంక్రీటును బయటికి తోస్తుంది. శ్లాబు కింద పెచ్చులూడేది అందుకే. ఆయన చీటీలో డబ్బంతా కాంక్రీటు బలం కొలవడానికి పోతోంది, ఇనుము గురించి ఒక్క పరీక్షా లేదు. ఈ ఇంటికి కావలసినవి ఆ పొర మందం కొలిచే కవరు మీటరు, కమ్మీకి తుప్పు పడుతోందా చూసే హాఫ్ సెల్, కాంక్రీటులో ఉప్పెంతుందో చెప్పే క్లోరైడ్ పరీక్ష. హాఫ్ సెల్‌లో కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడుతో మైనస్ 350 మిల్లీవోల్టులు దాటి ఇంకా కిందికి పోతే అక్కడ తుప్పు నడుస్తున్నట్టే అనుకోవాలి. ఒక చోట ప్లాస్టరూ కాంక్రీటూ చెక్కి కమ్మీకి వైరు తగిలించాలి, అది లేకుండా చేస్తే ఆ పరీక్ష ఉత్తదే. క్లోరైడుకు డ్రిల్లు చేసి తీసిన కాంక్రీటు పొడి చాలు. కాంక్రీటు పనికి మన దేశపు కోడు ఐఎస్ 456 ప్రకారం ఇనుమున్న కాంక్రీటులో క్లోరైడు ఘనమీటరుకు 0.6 కిలోలు మించకూడదు. ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లి గులాబీరంగు వచ్చింది కాబట్టి బాగుందంటే ఒప్పుకోకు. అది కార్బనేషన్ (గాలిలోని కార్బన్ డయాక్సైడు కాంక్రీటులోకి చేరి దాన్ని మార్చడం) సంగతి చెబుతుందిగానీ ఉప్పు సంగతి చెప్పదు.

హ్యామర్ టెస్టు చవక, అందుకే అందరూ చేస్తారు. ప్లాస్టరు మీద కొడితే ఆ అంకెకు అర్థం లేదు, చెక్కి నున్నగా రుద్దాలి. పాత కాంక్రీటులో కార్బనేషన్ వల్ల పైపొర గట్టిపడి ఉంటుంది కాబట్టి అంకె ఎక్కువే వస్తుంది. బలం అంచనాలో 25 శాతం అటూ ఇటూ అవుతుంది.

కోర్లు తీయవలసి వస్తే ఒకటి గుర్తుంచుకో. 1994లో ఇనుమున్న కాంక్రీటుకు ఎమ్15 గ్రేడు (చదరపు మిల్లీమీటరుకు 15 న్యూటన్ల బలం) సరిపోయేది, 2000లో కోడు మారాకే కనీసం ఎమ్20 అయింది. నివేదికలో ‘ఎమ్25కు తక్కువ, ఫెయిల్’ అని రాస్తే ఆయన కోడు చదవలేదన్నమాట. మూడు కోర్ల సగటు గ్రేడులో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి దిగకూడదు. ఎమ్15కు అవి 12.75, 11.25. కోర్ తీసేముందు కమ్మీలు ఎక్కడున్నాయో స్కాన్ చేయించు, కమ్మీ తెగితే మనమే నష్టం చేసినట్టు.

నువ్వు చూడవలసినవి: బాత్రూముల కింది సీలింగు, సన్‌షేడ్లు, బాల్కనీ అడుగు, మేడమీద ట్యాంకు కింది బీములు. 1,000 లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను బరువు. శ్లాబు కింద ఒక్క చోటే కొత్త పెయింటు ఉంటే అక్కడ తట్టు, గుల్లగా మోగితే లోపల పెచ్చు విడిపోయినట్టే. బీముకూ గోడకూ మధ్య అడ్డంగా సన్నటి గీత ఉంటే గాభరాపడకు. మెట్లలాగా ఏటవాలుగా పాకి, ఒక చివర వెడల్పయ్యే పగులే పునాది కుంగినదానికి గుర్తు. పై గది తర్వాత కట్టిందంటున్నావు కదా, అది ప్లానులో ఉందా చూడు. లేకపోతే కింది పునాది ఆ బరువు మోస్తుందో లేదో ఒక పిల్లరు పక్కన గొయ్యి తవ్వి ఫుటింగు (పిల్లరు అడుగున ఉండే వెడల్పాటి పునాది) కొలిస్తేనే తెలుస్తుంది. అక్టోబరు వానలు మొదలైతే గోతిలో నీళ్లూరతాయి, ముందే చేయించు.

బ్యాంకు పంపే వాల్యుయరు ధర, విస్తీర్ణం చూస్తాడు, ఇనుము చూడడు. బ్రోకరు తెచ్చే మేస్త్రి ‘స్ట్రాంగు సార్’ అనక ఇంకేమంటాడు! సీఎండీఏలో (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థలో) నమోదైన స్ట్రక్చరల్ ఇంజనీరు కావాలి, ఆయనకు అమ్మేవాళ్లతో సంబంధం ఉండకూడదు. మరమ్మతు కాంట్రాక్టు కూడా తనే చేస్తానంటే వద్దను. సగం ముందు, మిగతాది నివేదిక ముసాయిదా చదివాక ఇవ్వు. అందులో ఫొటో ఎక్కడిదో గుర్తు పెట్టిన ప్లాను, కారణం, ఏది ముందు చెయ్యాలి, ఉజ్జాయింపు ఖర్చు ఉండాలి. ‘కనిపించిన మేరకు బాగుంది’ అన్న ఒక్క వాక్యానికి డబ్బులివ్వకు.

చెక్కడానికీ తవ్వడానికీ అమ్మేవాళ్ల ఒప్పుకోలు అడ్వాన్సు ఇవ్వకముందే రాయించుకో. పూడ్చి పెయింటు వేయిస్తానని నువ్వే చెప్పు. అయినా ఒప్పుకోకపోతే ఫోన్ చెయ్యి, మాట్లాడుకుందాం.

అమ్మ