డయాలసిస్ రోగుల కాళ్లూ చూడాలి

సంపాదకునికి,

కిడ్నీ జబ్బు అనగానే క్రియాటినిన్, పొటాషియం గురించే మాట్లాడుకుంటాం. కిడ్నీ రోగుల్లో కాళ్ల రక్తనాళాలు పూడుకుపోవడం ఎక్కువని చాలామందికి తెలియదు. నడిస్తే పిక్కలు పట్టేయడం దీని గుర్తు. నీరసంతో నడకే తగ్గిపోయిన మనిషికి ఆ నొప్పి ఎలా తెలుస్తుంది? షుగర్ కూడా ఉంటే స్పర్శ తగ్గి, మడమ మీద పుండు నల్లబడేదాకా బయటపడకపోవచ్చు.

పైగా చీలమండ బీపీని చేతి బీపీతో పోల్చే పరీక్షను పూర్తిగా నమ్మలేం. కాల్షియం పేరుకుని గట్టిపడిన నాళాలు పట్టీ బిగించినా నొక్కుకోవు. నాళాలు పూడుకుంటే 0.9 కంటే తక్కువ రావాల్సిన ఈ రెండు బీపీల నిష్పత్తి నార్మల్‌గానో, 1.4 దాటో కనిపిస్తుంది. అప్పుడు కాలి బొటనవేలి దగ్గర ప్రెషర్ కొలవాలి.

డయాలసిస్‌కు గంటల తరబడి పడుకునే రోగి సాక్సులు తీసి, వేళ్ల సందులు చూడటం అంత కష్టమా? డయాలసిస్ కేంద్రాలు నెలకోసారైనా పాదాలు చూసి రికార్డులో రాయాలి.

- ఒక పాఠకురాలు