కొండ కిటకిట, ఊరి గుడి ఖాళీ

సంపాదకుడు గారికి, నమస్కారం.

తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు పెట్టిన కాసేపటికే అయిపోయాయన్న వార్త మీ పత్రికలో చదివి పది రోజులైంది. మనుమరాలి పెళ్లి పనుల్లో పడి వెంటనే రాయలేకపోయాను.

ఆ రోజు పొద్దున మా ఇంట్లోనూ ముగ్గురు మూడు ఫోన్లు పట్టుకుని పది గంటల కోసం కాచుకుని కూర్చున్నారు. మా ఆవిడ తడి చేతులతో వంటింట్లోంచి వచ్చి ‘నొక్కరా, నొక్కు’ అంటూ నిలబడింది. మూడు నెలల తర్వాతి తేదీకి నాలుగు టికెట్లు దొరికేసరికి ఇల్లంతా ఒకటే సంబరం. ఆ సాయంత్రం నేను మా రామాలయానికి వెళ్తే అర్చకుడు, నేను, అరుగు మీద ఒక ముసలమ్మ. హారతి పళ్లెంలో ఉన్నది నేను వేసిన పది రూపాయలే.

చదువుకునే రోజుల్లో బెజవాడ పటమటలో నాస్తిక కేంద్రం ఉపన్యాసాలు విన్నవాణ్ని. చదువులు పెరిగితే గుళ్లకు జనం తగ్గుతారని అప్పట్లో నమ్మాం. జనం తగ్గలేదు. కొండ మీద కాలు పెట్టే చోటు లేదు, ఖాళీ అయింది ఊరి గుడి. శనివారం రాత్రి భజనకు ముప్పై మంది కూర్చునేవాళ్లం. ఇప్పుడు భజన తాళాలు బీరువాలో ఉన్నాయి, హార్మోనియం తిత్తి ఎలుకలు కొరికాయి. ధనుర్మాసంలో తిరుప్పావై పెన్‌డ్రైవ్‌లోంచి మైకులో వస్తుంది. ఎవరి భక్తి వారి ఫోనులో ఉంది.

పాత రోజులన్నీ గొప్పవని నేననను. మాలపల్లె వాళ్లను ధ్వజస్తంభం దాటి రానివ్వని కాలం నా కళ్లతో చూశాను, అది పోవాల్సిందే. కానీ ఇప్పుడు డబ్బును బట్టి వరుసలు కడుతున్నారు. తిరుమల దేవస్థానం వారి శ్రీవాణి ట్రస్టుకు 10 వేలు విరాళమిచ్చి, పైన 500 కడితే వీఐపీ బ్రేక్ దర్శనం. ఆ సొమ్ముతో గుళ్లు కడుతున్నారు, సంతోషం. కట్టిన గుడిలో రేపటి నుంచి దీపం పెట్టేదెవరు? ధూప దీప నైవేద్యం పథకం కింద మన రాష్ట్రంలో చిన్న గుడికి నెలకు వచ్చేది కూడా 10 వేలే. అందులో 7 వేలు అర్చకుడికి, 3 వేలు పూజకు. ఇదైనా 2024లో పెంచారు గనక, అంతకు ముందు 5 వేలే. ఒకరి దర్శనానికి ఇచ్చే విరాళం ఎంతో, ఒక గుడి నెలంతా గడవడానికి ఇచ్చేదీ అంతే! మా అర్చకుడు మోపెడ్ మీద మూడు ఊళ్ల గుళ్లు తిరుగుతున్నాడు. కొడుకు ఈ పనిలోకి రానన్నాడు. ఎందుకొస్తాడు?

పోనీ, జనం పోటెత్తే చోటైనా అధికారులు సరిగ్గా చూస్తున్నారా? 2025 జనవరిలో తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవానికి 300 రూపాయల టికెట్టు కొని క్యూలో నిలబడ్డవాళ్ల మీద గోడ కూలి ఏడుగురు పోయారు. నవంబరులో శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ గుడిలో మళ్లీ తొక్కిసలాట. ఒక్క ఏడాదిలో మూడు చోట్ల! ప్రతిసారీ పరిహారం ప్రకటిస్తారు, విచారణ అంటారు, మళ్లీ పండగ వచ్చేదాకా ఆ మాట ఎవరూ ఎత్తరు. దైవదర్శనానికి వెళ్లిన మనిషి ఇంటికి తిరిగొస్తాడన్న భరోసా కూడా ఇవ్వలేకపోతే ఇన్ని శాఖలు, ఇంతమంది అధికారులు ఎందుకు?

దేవదాయ శాఖ వారు ఆ 7 వేలను ఒక కుటుంబం బతికే మొత్తానికి పెంచాలి. దాని గురించి మీ పత్రిక కూడా గట్టిగా రాయాలి.

హార్మోనియం తిత్తి మార్చడానికి రెండున్నర వేలు అడిగారు. మేం నలుగురం తలా కొంత వేసుకుని బాగు చేయించాం. వచ్చే శనివారం రాత్రి ఎనిమిదింటికి భజన మొదలుపెడుతున్నాం. మా ఊరివాళ్లు ఈ ఉత్తరం చదివితే, ఒక్క గంట ఫోను ఇంట్లో పెట్టి రండి. తాళాలు తోమి పెట్టాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి దగ్గరి పల్లె, గుంటూరు జిల్లా