విద్యాశాఖ కార్యదర్శి గారికి ఒక ఉపాధ్యాయురాలి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

ప్రపంచంలో 3 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో మూడింట రెండొంతుల మందికి, అంటే దాదాపు 130 కోట్ల మందికి, ఇంట్లో ఇంటర్నెట్ లేదని 2020లో యునిసెఫ్, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి లెక్కతేల్చాయి. ఆ లోటు పూర్తిగా పూడకుండానే హోంవర్కు, పరీక్షలు ఫోన్‌లోకి చేరిపోవడం నన్ను కలవరపెడుతోంది. ఇంటిల్లిపాదికీ ఉన్న ఒక్క ఫోన్ తన చేతికి వచ్చేసరికి రాత్రి పది దాటుతుందని, పగిలిన తెర మీద భిన్నాల్లో లవమేదో హారమేదో పోల్చుకోలేక లెక్క వదిలేశానని నా విద్యార్థిని ఒకరు చెప్పినప్పుడు, అది ఆమె నిర్లక్ష్యమని నేనెలా రాయగలను? ఇక ఉపాధ్యాయులకు పాఠం చెప్పాల్సిన సమయం యాప్‌లో ఫొటోలు ఎక్కించడానికే సరిపోతోంది. ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రతి పనినీ కాగితం మీద కూడా చేసే వీలు కల్పించాలని, వివరాల నమోదు భారాన్ని మా నుంచి తప్పించాలని మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయురాలు