మా తలుపు బిగించి వెళ్లిన పెద్దాయనకు

ఇంట్లో దొంగలు పడ్డ రోజు గుమ్మం దగ్గర వణుకుతూ నిలబడితే, ముక్కూ మొహం తెలియని మీరు ఆగి, "అమ్మా, ఏదీ ముట్టుకోకు, సర్దకు, పోలీసులు వేలిముద్రలు తీసుకోవాలి" అన్నారు చూడండి, ఆ మాటే లేకపోతే కింద పడేసిన బట్టలన్నీ మడతపెట్టి బీరువా మూసేసేదాన్ని. ముందు ఫొటోలు తీయించారు. పోయిన ఫోన్ తాలూకు అట్టపెట్టె వెతికించి, దాని మీదున్న 15 అంకెల ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్‌ను గుర్తుపట్టే నంబరు, ఫిర్యాదులో రాయించారు.

సాయంత్రం మళ్లీ వచ్చి ద్వారబంధం చూపించారు. తాళం చెక్కుచెదరలేదు, గడియ దూరే ఇనుప రేకు మాత్రం ఊడి వేలాడుతోంది, ఇన్నేళ్లూ దాన్ని పట్టుకుని ఉన్నవి అర అంగుళం స్క్రూలు! మీరు 3 అంగుళాలవి తెచ్చి లోపలి దాకా బిగించారు. ఎంత ఖరీదైన తాళమైనా చుట్టూ ఉన్న చెక్క గట్టిగా లేకపోతే ఒక్క తన్నుకే పోతుందని నాకు అప్పటిదాకా తెలియదు. రెండో తాళంచెవి కూడా కనబడలేదు కాబట్టి మీరు చెప్పినట్టే తాళంలో చెవి దూరే సిలిండర్ మార్పించాను, పెరటివైపు మనిషి కదిలితే వెలిగే లైటు పెట్టించాను.

పోయినవి ఇంకా దొరకలేదు. కానీ 10 రోజుల తర్వాత నిన్న రాత్రి టెన్షన్ లేకుండా నిద్రపట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు, పేరడిగితే నవ్వి వెళ్లిపోయారు. మీకు చాలా చాలా థాంక్స్ అండీ.