వార్షిక నివేదిక: ఎత్తు కిటికీల శుభ్రత, పోల్ (పొడవు పెంచుకునే కర్ర) ఎంపికలో మన అనుభవం

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో చాలావరకు మీరు కళ్లారా చూసినవే. కార్యవర్గం ప్రతి నెలా సమావేశమైంది. నీళ్ల ట్యాంకులు వేళకు కడిగించాం. లిఫ్టు తనిఖీ పూర్తయింది. జమాఖర్చుల పట్టిక ఈ నివేదికతో పాటు జతచేశాం. వీటి గురించి ఇంతకు మించి రాయాల్సింది లేదు. మిగతా నివేదికంతా ఒకే పని గురించి రాస్తున్నాను: మెట్ల హాలులో ఉన్న ఎత్తు కిటికీలను శుభ్రం చేయడం. కార్యవర్గంలో అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడుకున్నది దీని గురించే. పొరపాటు చేసి దిద్దుకున్నదీ ఈ పనిలోనే. ఇళ్లలో ఎత్తు కిటికీలున్న సభ్యులకు కూడా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మొన్నమొన్నటి వరకు ఆ అద్దాలను నిచ్చెన వేసి తుడిపించేవాళ్లం. ఇద్దరు కింద పట్టుకుంటే ఒకరు పైకెక్కేవారు. ఒకరోజు తడి నేల మీద నిచ్చెన కాలు జారింది. పైనున్న మనిషి కిటికీ గట్టు పట్టుకోబట్టి పడలేదు. కింద నిలబడి చూసినవాళ్లకు గుండె ఆగినంత పనైంది. కిటికీ తుడవడానికి ఇకమీదట ఎవరూ నిచ్చెన ఎక్కకూడదని ఆ సాయంత్రమే తీర్మానించాం. నేల మీద నిలబడి చేయాలంటే పొడవు పెంచుకునే పోల్ కావాలి, అంటే ఒకదానిలో ఒకటి ఇమిడే గొట్టాలను బయటికి లాగి లాక్ వేసుకునే కర్ర.

ఇక్కడ తొందరపడ్డాం. ఎంత పొడవుంటే అంత మంచిదనుకుని 9 మీటర్ల అల్యూమినియం పోల్ తెప్పించాం. ఏ కిటికీకైనా అందుతుంది కదా అన్న ధీమా. ఆ మాట అన్నది నేనే, అందరూ సరేనన్నారు. రోజూ దాన్ని పట్టుకుని పనిచేయాల్సిన ఆవిడను మాత్రం ఎవరమూ అడగలేదు. పది నిమిషాలకే ఆవిడ చేతులు వణకడం మొదలైంది. పోల్ కొస మూరెడు అటూ ఇటూ ఊగుతుంటే వైపర్ అద్దానికి సరిగ్గా ఆనేది కాదు, గీతలు గీతలుగా నీళ్లు మిగిలిపోయేవి. మూడో రోజు మధ్యలో ఉన్న లాక్ జారి, పై భాగం ఒక్కసారిగా కిందికి దిగి ఆవిడ వేలు నలిగింది. చికిత్స సంఘమే చేయించింది, సెలవు రోజులకు జీతం తగ్గించలేదు. "పొడవు సరిపోతుంది మేడమ్, కానీ నా చెయ్యి చెప్పిన మాట అది వినదు" అన్నారు ఆవిడ. ఆ తరువాత మేం చేసిన ప్రతి పనీ ఆ మాట దగ్గర నుంచే మొదలైంది.

ముందుగా కొలతలు తీశాం. మెట్ల హాలులో అన్నిటికంటే పైనున్న అద్దం అంచు, మనిషి నిలబడే చోటు నుంచి 6 మీటర్ల ఎత్తులో ఉంది. పోల్‌ను నేలకు ఆనించి పట్టుకోం. కింది చెయ్యి నడుము దగ్గర, అంటే సుమారు మీటరు ఎత్తులో ఉంటుంది. కాబట్టి పోల్ అందుకోవాల్సింది 5 మీటర్లే. నిటారుగా పట్టుకుంటే మెడ పట్టేస్తుంది, వైపర్‌ను అద్దానికి నొక్కడమూ కుదరదు. గోడకు సుమారు 2 మీటర్లు వెనక్కి నిలబడితే పోల్ కొంచెం వాలుతుంది. ఆ వాలు లెక్కేసుకున్నా 5.4 మీటర్లు చాలు. ఇంకా వెనక్కి జరిగి 3 మీటర్ల దూరంలో నిలబడితే 5.8 మీటర్లు కావాలి. మేం 9 మీటర్లది కొన్నాం!

అదనపు పొడవు ఉత్తగా ఉండిపోదు, చేతిని ఇబ్బంది పెడుతుంది. ఒకే గొట్టానికి పొడవు రెట్టింపు చేస్తే, కొసన అదే బరువు పెట్టినా వంపు ఎనిమిది రెట్లవుతుంది. పోల్ ఊగడానికి అసలు కారణం ఇదే, పనిచేసే మనిషి బలహీనత కాదు. అందుకే పనికి సరిపోయే పోల్‌లలో అన్నిటికంటే పొట్టిది ఎంచుకోవాలని రాసుకున్నాం. పెద్ద పోల్‌నే సగం లాగి వాడుకోవచ్చు కదా అని ఒక సభ్యులు అడిగారు. వాడొచ్చు. కానీ లోపల ముడుచుకున్న భాగాల బరువు కూడా చేతుల మీదే పడుతుంది.

ఇక దేనితో చేసిందో చూడాలి. బజారులో దొరికేవి ముఖ్యంగా అల్యూమినియం, ఫైబర్‌గ్లాస్, కార్బన్ ఫైబర్. అల్యూమినియం గట్టిది, దొరకడమూ తేలిక. 4 మీటర్ల లోపు పనికి ఇప్పటికీ నా ఓటు దానికే. దాటితే బరువు తెలుస్తుంది. సొట్ట పడితే ఆ భాగం ఇక లోపలికి జారదు. ఫైబర్‌గ్లాస్ తుప్పు పట్టదు, దెబ్బలకు ఓర్చుకుంటుంది, కానీ ఎక్కువ వంగుతుంది. ఆ వంపు తగ్గించడానికి గొట్టం మందంగా చేస్తారు కాబట్టి చేతికి అనుకున్నంత తేలిగ్గా అనిపించదు. కార్బన్ ఫైబర్ తేలిక, వంపు తక్కువ. ఖరీదు మాత్రం ఎక్కువ. గట్టిగా దెబ్బ తగిలితే పగులుతుంది, పగిలిన చోట నూగులాంటి సన్నటి పోగులు చేతికి గుచ్చుకుంటాయి. కార్బన్, గాజు పోగులు కలిపి చేసిన రకం కూడా ఉంది. 6 మీటర్ల పనికి మేం తీసుకున్నది అదే.

కరెంటు విషయంలో సభ్యులందరూ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అల్యూమినియం నుంచి కరెంటు ప్రవహిస్తుందని అందరికీ తెలుసు. కార్బన్ ఫైబర్ నుంచి కూడా ప్రవహిస్తుందని చాలామందికి తెలియదు. నల్లగా, ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. ఫైబర్‌గ్లాస్ పొడిగా, శుభ్రంగా ఉన్నప్పుడు కరెంటును ఆపుతుంది. కానీ కిటికీ తుడిచే పోల్ పొడిగా ఎక్కడుంటుంది? తడి, మురికి పట్టిన పోల్‌ను నమ్మడానికి వీల్లేదు. అందువల్ల భవనం వెనక కరెంటు తీగలు వెళ్లే వైపు ఏ రకం పోల్‌నూ ఎత్తకూడదని నిర్ణయించాం. సామాను గది తలుపు మీద ఈ మాట పెద్ద అక్షరాలతో రాయించాం.

ఆవిడ వేలు నలిగింది లాక్ వల్ల కాబట్టి దాని మీద చాలా శ్రద్ధ పెట్టాం. మెలితిప్పే లాక్ కొత్తలో బాగానే పట్టుకుంటుంది. నీళ్లు, ఇసుక లోపలికి చేరాక బిగించామనుకున్నా జారుతుంది. బిగిసిందో లేదో బయటికి కనిపించదు కూడా. పక్కన చిన్న మీటలా ఉండి నొక్కితే పట్టుకునే క్లిప్పు లాక్ మాకు నచ్చింది. మూసి ఉందో లేదో దూరం నుంచే తెలుస్తుంది, వదులైతే మర బిగించుకోవచ్చు, విరిగితే ఆ ఒక్క ముక్క మార్చుకోవచ్చు. కొనేముందు పోల్‌ను సగం లాగి, లాక్ వేసి, కొసను నేలకు ఆనించి మన బరువు కొంచెం మోపి చూడాలి. వెంట్రుకవాసి జారినా వద్దనాలి. భాగాల సంఖ్య కూడా చూసుకోండి. భాగాలు ఎక్కువైతే ముడిచినప్పుడు పొట్టిగా ఉంటుంది, మెట్ల మలుపులో తిప్పడం సులువు. కానీ ప్రతి అతుకు దగ్గరా కొంచెం కొంచెం వదులు ఉండి, అంతా కలిసి కొస దగ్గర ఊపుగా తేలుతుంది. మన మలుపులో 2 మీటర్ల కర్ర తిరుగుతుందని కొలిచి, నాలుగు భాగాలది తీసుకున్నాం.

కొస దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. మన దగ్గరున్న బ్రష్షు మర, పోల్ మరకు కలవలేదు. మరలన్నీ ఒకే కొలతలో ఉండవు, చుట్ల మధ్య దూరం వేరువేరుగా ఉంటుంది. బలవంతంగా తిప్పితే రెండూ పాడవుతాయి. కాబట్టి పోల్ కొనడానికి వెళ్లేటప్పుడు వైపర్‌ను, తడిపే బ్రష్షును వెంట తీసుకెళ్లాలి. గుచ్చి వదిలేసే రకం కంటే, గుచ్చాక బటన్‌తో లాక్ పడే కొస మంచిది. 6 మీటర్ల ఎత్తు నుంచి ఊడిపడిన వైపర్ నేలను తాకేసరికి గంటకు సుమారు 39 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. ఆ వేగంతో తల మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పని జరిగేటప్పుడు కింద తాడు కట్టి మనుషులను రానివ్వకపోవడం ఇందుకే. దయచేసి ఆ తాడు దాటి రాకండి, పిల్లలకూ చెప్పండి.

వైపర్ తల దగ్గర కోణం మార్చుకునే కీలు కూడా తీసుకున్నాం. పోల్ వాలుగా ఉంటుంది, అద్దం నిటారుగా ఉంటుంది. మధ్యలో కీలు లేకపోతే రబ్బరు అంచు అద్దానికి సమంగా ఆనదు. ఆ కీలు ఒక కోణంలో నిలబడేదై ఉండాలి, ఎటుపడితే అటు వేలాడేది పనికిరాదు.

బయటి వైపు అద్దాల మీద తెల్ల మచ్చలు పోవడం లేదని కొందరు ఫిర్యాదు చేశారు. దానికి పోల్ కారణం కాదు. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీళ్లు ఆరాక అద్దం మీద మిగిలిపోతాయి. ఎండ పడుతున్నప్పుడు తుడిస్తే వైపర్ లాగేలోపే ఆరిపోయి ఇంకా ఎక్కువ మచ్చలు పడతాయి. అందుకే పనివేళను ఎండ రాకముందుకు మార్చాం. నీళ్లు పోల్ గుండా పైకి వెళ్లి బ్రష్షు దగ్గర చిమ్మే ఏర్పాటూ ఉంది. దానికి లవణాలు తీసేసిన నీళ్లు కావాలి. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల మోతాదు, 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో పది వంతులు) లోపు ఉంటే తుడవకుండా వదిలేసినా మచ్చ పడదు. ప్రస్తుతానికి మనకు అంత అవసరం లేదని నా అభిప్రాయం.

కొనే ముందు ఈసారి మూడు రకాల పోల్‌లు తెప్పించి, ఆవిడ చేతికే ఇచ్చాం. తడి బ్రష్షు తగిలించి, పూర్తిగా లాగి, కాసేపు నిజంగా పనిచేసి చూశారు. నాకు నచ్చిన దాన్ని ఆవిడ వద్దన్నారు: గొట్టం లావుగా ఉండి వేళ్లు పూర్తిగా చుట్టుకోవడం లేదు. నిజమే, నా చేయి పెద్దది కాబట్టి నాకు తెలియలేదు. ఆవిడ ఎంచుకున్నదే తీసుకున్నాం. నాలుగు నెలలుగా అది నడుస్తోంది, ఒక్క లాక్ కూడా జారలేదు.

వాడే పద్ధతి కూడా ఆవిడే మాకు చూపించారు. పోల్‌ను నిలబెట్టి ముందు అన్నిటికంటే సన్నటి భాగాన్ని పైకి లాగాలి, తరువాత దాని కిందిది. అలా చేస్తే లాక్‌లు ఎప్పుడూ చేతికి అందుతాయి. దించేటప్పుడు కింది లాక్ మొదట తీయాలి, జారిపోకుండా చేత్తో పట్టుకుని దించాలి. గొట్టం మీద ఆపమని గుర్తున్న చోటు దాటి లాగకూడదు. లాగిన పోల్‌ను భుజాన వేసుకుని నడవకూడదు. పని అయ్యాక భాగాలన్నీ బయటికి తీసి, తుడిచి, ఆరాకే ముడవాలి. లాక్‌లకు నూనె రాయకండి, దుమ్ము అంటుకుని జారతాయి.

పాత 9 మీటర్ల పోల్‌ను ఎవరికీ ఇవ్వలేదు. లాక్ జారే వస్తువును ఇంకొకరి చేతిలో పెట్టడం న్యాయం కాదని తుక్కు కింద తీసేశాం. 4 మీటర్ల అల్యూమినియం పోల్ ఒకటి సభ్యుల ఇళ్ల అవసరానికి సామాను గదిలో ఉంది. పుస్తకంలో పేరు రాసి తీసుకెళ్లండి. లాక్ వదులైనా, ఎక్కడైనా పగులు కనిపించినా తిరిగిచ్చేటప్పుడు తప్పకుండా చెప్పండి.

తీగల వైపున్న పై వరుస అద్దాలు ఇంకా మురికిగానే ఉన్నాయి. వాటిని శిక్షణ ఉన్న మనుషులతో, ఆ సమయానికి కరెంటు సరఫరా ఆపించి చేయించాలన్నది కార్యవర్గం ప్రతిపాదన. సర్వసభ్య సమావేశంలో మీ ఆమోదం కోరుతున్నాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి