మంత్రి గారూ, మా ల్యాబుకు బ్యాటరీలు ఇప్పించండి

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

అనంతపురం నుంచి ఒక ఫిజిక్స్ పరిశోధక విద్యార్థి నమస్కరించి రాయునది.

మా కంప్యూటర్ ల్యాబులో పాడైన యూపీఎస్ బ్యాటరీలు మార్చమన్న ఫైలు సంగతి తమకు తెలియనిది కాదు. అర్జీలిచ్చాం, సోమవారం గ్రీవెన్సులోనూ ఇచ్చాం. 'పరిశీలనలో ఉంది' అన్న మెసేజ్ తప్ప ఏమీ రాలేదు.

సౌర పవనంలో, అంటే సూర్యుడి నుంచి ఎప్పుడూ బయటికి వీచే కణాల ప్రవాహంలో, అధిక శక్తి ఎలక్ట్రాన్లు ఎలా వ్యాపిస్తాయో లెక్కగట్టడం మా పని. సెకనుకు 400 కిలోమీటర్లకు అటూ ఇటూ వేగంతో వీచే ఆ పవనం సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్నీ వెంట లాక్కొస్తుంది. అందులోని చిక్కుల్లో పడి ఎలక్ట్రాన్ చెదిరిపోతూ, ఒక్కోసారి వెనక్కి మళ్లుతూ వస్తుంది. ఇలాంటి కణాల వ్యాప్తికి అమెరికా శాస్త్రవేత్త యూజీన్ పార్కర్ 1965లో ఇచ్చిన సమీకరణం పట్టుకుని, కంప్యూటర్‌లో లక్షల ఊహా కణాలను అడుగడుగునా దిక్కు మారుస్తూ నడిపిస్తాం. కణాలు తక్కువైతే గ్రాఫంతా గజిబిజి, నమ్మడానికి ఉండదు. అందుకే కంప్యూటర్ రోజుల తరబడి ఆగకుండా నడవాలి.

ఇక్కడేమో కరెంటు అలా పోయి ఇలా వచ్చినా యూపీఎస్ ఒక్క బీప్ కొట్టి చల్లబడుతుంది. బ్యాటరీలు ఉబ్బిపోయాయి. యాసిడ్ నేలకంటకుండా అటెండర్ అన్న కింద అట్టముక్కలు పరిచాడు. 'మధ్యమధ్యలో సేవ్ చేసుకోవచ్చు కదా' అని ఒక ఆఫీసరు గారు సలహా ఇచ్చారు. చేస్తూనే ఉన్నాం సార్! సేవ్ అవుతుండగా కరెంటు పోతే ఆ ఫైలే పాడవుతోంది. మొన్న హార్డ్ డిస్కే పోయింది.

గని-శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టుకున్న సీమ ఇది. సూర్యుడి మీద పరిశోధనకే కరెంటు నిలవదు. 2023 సెప్టెంబర్ 2న సూర్యుడిని పరిశీలించే మన వ్యోమనౌక ఆదిత్య-ఎల్1 ఎగిరితే నాయకులంతా అభినందించారు, సంతోషం. 15 లక్షల కిలోమీటర్ల అవతల దానికి పవర్ అందుతోంది, మా గదికి అందట్లేదు.

మేం లెక్కగట్టే ఈ ఎలక్ట్రాన్లలో గురుగ్రహం నుంచి వచ్చేవీ ఉన్నాయని 1973లో నాసా వ్యోమనౌక పయనీర్-10 ఆ గ్రహం దగ్గరికి వెళ్లినప్పుడు తేలింది. సుమారు 13 నెలలకోసారి భూమి, గురుడు ఒకే అయస్కాంత రేఖ దారిలోకి వచ్చినప్పుడు అవి మన దగ్గర పెరుగుతాయి. మా నిధులు ఆ వరసలో వచ్చినా చాలనుకునేవాళ్లం.

థీసిస్ గడువు దగ్గరపడుతోంది, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. దయచేసి బ్యాటరీలు ఇప్పించండి. కుదిరితే జనరేటర్ లైను కూడా. ముందు బ్యాటరీలు సార్. ఈసారి మాత్రం 'పరిశీలనలో ఉంది' అని పంపకండి.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థి,
అనంతపురం