మంచులో ఉప్పుంటుంది నాన్నా

నీ-ఓలెసుండ్, స్వాల్‌బార్డ్ దీవులు, నార్వే
ఏప్రిల్ 22

నాన్నా,

ముందు అమ్మకి చెప్పు, నేను బాగానే ఉన్నాను, తింటున్నాను, కాళ్లకి రెండేసి జతల మేజోళ్లు వేసుకుంటున్నాను. మొన్న కంప్యూటర్లో నా ముఖం ఎర్రగా కమిలిపోయి, పెదాలు పగిలి కనిపించాయని ఏడ్చింది కదా, అది జబ్బు కాదు, ఎండ. ఇక్కడ ఎండ కింద నుంచి కూడా కొడుతుంది, మంచు మీద పడి మళ్లీ ముఖానికే తిరిగొస్తుంది. ఉప్పు మళ్లలో మిట్టమధ్యాహ్నం నీ కళ్లు మండుతాయి చూడు, అలాగ. దానికి తోడు నాలుగు రోజుల నుంచి సూర్యుడు అసలు దిగడమే లేదు, రాత్రి పన్నెండుకి కూడా కిటికీలో ఉంటున్నాడు, దుప్పటి ముసుగేసుకుంటే తప్ప నిద్ర పట్టదు.

ఫోన్ ఎందుకు పనిచెయ్యదో చెల్లికి ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు, మంచి సిమ్ తీసుకో అక్కా అంటుంది. సిమ్ గొడవ కాదే తల్లీ. ఈ ఊళ్లో వైఫై, బ్లూటూత్ వాడకూడదు, ఫోన్‌ని విమానంలో పెట్టినట్టు పెట్టెయ్యాలి. పెద్ద పెద్ద గిన్నెల్లాంటి యాంటెన్నాలున్నాయి ఇక్కడ, ఆకాశంలో ఎక్కడో చివరి నుంచి వచ్చే సన్నటి రేడియో చప్పుడు వింటూ భూమి ఎంత కదిలిందో లెక్కగడతాయి, మన ఫోన్లు మోగితే వాటికి వినపడదు. తీగ ఉన్న కంప్యూటరే గతి, దాని వెనకాల ఎప్పుడూ నలుగురు నిలబడి ఉంటారు. వాళ్లకి తెలుగు రాదనుకో, అయినా అమ్మ ఏడుస్తోందని తెలియడానికి తెలుగెందుకు. అందుకే ఆరోజు అసలు విషయం ఏమీ మాట్లాడకుండా పెట్టేశాను. ఇక్కడ పోస్టాఫీసుంది, ప్రపంచంలో ఇంతకన్నా ఉత్తరాన ఇంకోటి లేదంటారు, స్టాంపు కొనుక్కుని రాస్తున్నాను. ఇది నీ చేతికొచ్చేసరికి నేనే పనిచేసే చోటికి, ఇటలీకి తిరిగి వెళ్లిపోయి ఉంటానేమో, పర్లేదు.

ఎలుగుబంట్ల సంగతి. అత్త టీవీలో ఏదో చూసి వచ్చి అమ్మని భయపెట్టిందని తెలిసింది. ఉన్నాయి, అబద్ధం చెప్పను. కానీ తుపాకీ లేకుండా ఊరు దాటనివ్వరు, నాకూ నేర్పించారు, బొమ్మ ఎలుగుబంటిని కాల్చాను, రెండ్రోజులు భుజం నొప్పి. నిజం ఎలుగుని ఇంతవరకు చూడలేదు. ఊళ్లో ఎవరూ తలుపులకి తాళాలు వెయ్యరు, ఎలుగు వస్తే ఎవరింట్లోకైనా దూరిపోవచ్చని. ఇది అమ్మకి చెప్తే ధైర్యం వస్తుందో, దొంగల భయం పట్టుకుంటుందో చూసి చెప్పు.

తిండికి ఊరంతటికీ ఒకటే మెస్. చేపలు, బంగాళాదుంపలు, బెల్లం రంగులో తియ్యగా ఉండే ఒకరకం చీజు. మన దేశం పరిశోధనా స్టేషన్ కూడా ఉందిక్కడ, హిమాద్రి అని, 2008లో పెట్టారు. వాళ్లు ఒకరోజు పిలిచి పప్పన్నం పెట్టారు. అందులో ఒకాయనది కాకినాడ, మాది ఏ ఊరని అడిగి, నౌపడా? ఉప్పు నౌపడేనా? అన్నారు. అవునండీ, మా నాన్నకి మళ్లున్నాయి అన్నాను. ఆ రోజు మూడుసార్లు వడ్డించుకున్నాను.

సంక్రాంతికి నువ్వు అడిగావు కదా, మంచులో ఏముంటుందే, నీళ్లేగా, దానికింత చదువెందుకూ అని. అందరి ముందు నవ్వేశాను కానీ నాకు బాధేసింది నాన్నా. ఉప్పుంటుంది మంచులో. నిజంగా. సముద్రం మీద గాలి తుంపరని ఎత్తుకొచ్చి మంచుతో కలిపి పడేస్తుంది. మేము గ్లేసియర్ మీదికి, అంటే మంచు నది మీదికెళ్లి నా భుజం దాకా గుంట తవ్వుతాం, గాలి వచ్చే వైపు గోడని తొక్కకుండా, ముట్టుకోకుండా ఉంచుతాం, ఒంటికి తెల్లటి సూటు, చేతికి చేతొడుగుల మీద చేతొడుగులు వేసుకుని పై నుంచి కిందికి ఐదేసి సెంటీమీటర్లకి ఒక సీసా చొప్పున నింపుతాం. పొర ఎంత గట్టిగా ఉందో చూడ్డానికి మిషనేమీ లేదు, చెయ్యే. మెత్తగా ఉంటే పిడికిలి దిగుతుంది, కొంచెం గట్టిదైతే నాలుగు వేళ్లు, ఆ తర్వాత ఒక్క వేలు, తర్వాత పెన్సిలు, చివరికి కత్తి. అడుగున మాత్రం పెద్ద పెద్ద పలుకులుంటాయి, చేతిలో పోసుకుంటే జారిపోతాయి. నువ్వు ఉప్పు రాశి దగ్గర గుప్పెడు తీసుకుని నలిపి చూసి ఇది పనికొస్తుంది, ఇది రాదు అంటావు కదా, మొదటిరోజు గుంటలో నాకు అదే గుర్తొచ్చింది, పక్కనున్న అమ్మాయికి చెప్దామనుకుని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక మానేశాను.

ఇంకోటి విను, ఇది నీకు నచ్చుతుంది. సముద్రపు నీళ్లలో ఉప్పులో ఉండే సోడియం నాలుగు గ్రాములుంటే, సల్ఫేటు అని గంధకం ఉన్న పదార్థం ఒక గ్రాము ఉంటుంది, ఎక్కడి సముద్రమైనా అంతే, మన బంగాళాఖాతమైనా సరే. అందుకని మంచులో సోడియం కొలిస్తే సముద్రం ఎంత సల్ఫేటు తెచ్చిందో తెలిసిపోతుంది, అంతకంటే ఎక్కువుంటే అది ఇంకెక్కడిదో. ఈ నెలల్లో యూరప్, రష్యా పొగగొట్టాల నుంచి ఇంత దూరం వచ్చి పడుతుంది. ఒక్కోసారి తక్కువ కూడా ఉంటుంది, అదే గమ్మత్తు. మన మళ్లలో ఎండకి నీళ్లు చిక్కబడే కొద్దీ ముందు ఆ సున్నపు పెచ్చు దిగుతుంది, తర్వాత ఉప్పు, చివరికి మిగిలిన చేదునీళ్లు నువ్వు వదిలేస్తావు కదా. ఇక్కడ ఆ పని చలి చేస్తుంది. సముద్రం గడ్డకడుతుంటే ఉప్పంతా మిగిలిన నీళ్లలోకి చేరి చిక్కబడుతుంది, ఇంకా చల్లబడితే ఉప్పుకన్నా ముందు సోడియం సల్ఫేటు విడిపోయి అడుగున దిగిపోతుంది. ఆ మిగిలిన ఉప్పునీటిని గాలి ఎగరేసి మంచు మీద వేస్తే దాంట్లో సల్ఫేటు తక్కువ. అంటే ఆ ఉప్పు గడ్డకట్టని నీళ్ల మీద నుంచి రాలేదు, గడ్డకట్టిన సముద్రం మీద నుంచి వచ్చిందని పట్టుకోవచ్చు. మా ముందున్న సముద్రపు పాయ 2006 నుంచి సరిగా గడ్డకట్టడమే లేదు, అందుకే ఈ లెక్కలు. ఇంక చాల్లే.

కానీ పొరలు కుదురుగా ఉంటేనే ఇదంతా. నేను రాకముందు, నడి చలికాలంలో ఇక్కడ వాన పడింది. తవ్వితే గోడలో అద్దంలాంటి గడ్డ పొరలు రెండు కనిపించాయి. వాన ముందుగా తీసుకుపోయేది ఉప్పునీ, సల్ఫేటునే, మంచు కరగడం మొదలైతే తొలి నీళ్లలోనే సగానికి పైగా కొట్టుకుపోతాయి, పై పొరది కింది పొరలోకి దిగిపోయి ఏ నెలది ఏదో చెప్పలేం. 2012 జనవరి 30న ఇక్కడ ఒక్కరోజులో 98 మిల్లీమీటర్ల వాన పడింది, ఏడాది మొత్తానికి నాలుగు వందలు పడే చోట. మా మేడమ్ ఆ సంగతి చెప్తూ తల పట్టుకుంది. నేను ఏమీ అనలేదు. అకాల వాన అంటే ఏంటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నువ్వు దాచావు, చెల్లి చెప్పింది. రెండు రాశులు పోయాయట కదా. ఏమీ లేదమ్మా, కొంచెం తడిసిందంతే అన్నావు నాతో. రెండు రాశులు కొంచెమా? తాటాకులు కప్పినా ఆగలేదంటే ఎంత కొట్టిందో. తిత్లీ తుపాను అప్పుడు కూడా ఇలాగే ఏమీ లేదన్నావు, ఇంటికొచ్చి చూస్తే పాక పైకప్పే లేదు. వ్యాపారి దగ్గర తీసుకున్న అడ్వాన్సు సంగతి కూడా నాకు తెలుసు, చెల్లిని తిట్టకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. టార్పాలిన్లకి డబ్బు వేశాను, నీ అకౌంట్లో వేస్తే వెనక్కి పంపుతావని అమ్మ అకౌంట్లో వేశాను.

బీపీ మాత్ర వేసుకుంటున్నావా? ఉప్పు తగ్గించమన్నందుకు డాక్టరుతో గొడవపడ్డావట, ఉప్పు పండించేవాడిని ఉప్పు మానమంటావా అని. నవ్వొచ్చింది నిజమే. కానీ పెరుగన్నంలో వేసుకునేది మానెయ్యి, అదొక్కటైనా.

నేను కూడా ఒకటి దాచాను కాబట్టి చెప్పేస్తాను. పోయినేడాది తెచ్చిన సీసాల్లో నాలుగింట్లో సోడియం, పొటాషియం రెండూ ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ వచ్చాయి. అలా వచ్చిందంటే మనిషి చెయ్యి తగిలిందని. ముక్కు దురదపెట్టి చేతొడుగు తీశాను ఆరోజు, నాకు గుర్తుంది, అక్కడే చెప్పాల్సింది, చెప్పలేదు. మేడమ్ ఏమీ అనకుండా లెక్కల్లోంచి ఆ నాలుగు వరసలు కొట్టేసింది. తిట్టినా బాగుండేది. ఈసారి ముక్కు ఊడినా ముట్టుకోవట్లేదు.

సెప్టెంబరుతో నా కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగిస్తారనే అంటున్నారు, కాగితం రాలేదు. దీని గురించి టెన్షన్ పడకు, అమ్మకి మాత్రం అప్పుడే చెప్పొద్దు, చెప్తే ఆ టెక్కలి సంబంధం మళ్లీ ఎత్తుతుంది. వాళ్లబ్బాయి మంచివాడే కావచ్చు, నేను కాదనలేదు, ఇప్పుడు కాదన్నాను.

రేపు వాతావరణం బాగుంటే మళ్లీ పైకి వెళ్తాం. స్నోమొబైల్ మీద వెనక కూర్చుంటాను, నడపను, సరేనా.

ఎన్ని బస్తాలు పోయాయో, ఎన్ని మిగిలాయో సరిగ్గా రాయి. కొంచెం అని రాయకు, లెక్క రాయి.

నీ పెద్దమ్మాయి

చెల్లీ, ఇది నాన్నకి చదివేటప్పుడు సెప్టెంబరు సంగతి అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు చదువు. హాల్‌టికెట్ వచ్చిందా?